సీటీసీలో కొన్న పాత మానిటర్, అమ్మ కుట్టుమిషన్ స్టాండు: ఆర్నెల్లు వాడాక

నేను ఇంటి నుంచే జీఎస్టీ రిటర్నుల పని చేస్తాను. ప్రతి నెలా 14న జీఎస్టీఆర్ 2బి, అంటే అమ్మినవాళ్లు జీఎస్టీలో చూపించిన బిల్లుల జాబితా వస్తుంది, అందులో ఉన్నవి టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించిన కొనుగోళ్లతో ఒక్కో బిల్లూ సరిచూసుకుని 20లోపు 3బి అనే నెలవారీ రిటర్ను వేసెయ్యాలి. ఇదంతా 14 అంగుళాల ల్యాప్‌టాప్ మీద, కాసేపు టాలీ కాసేపు ఎక్సెల్ మార్చుకుంటూ చేసీ చేసీ మెడ పట్టేసింది, పైగా ఒక నెల ఒకే బిల్లుని రెండుసార్లు లెక్కలో వేసేశాను. క్లయింటు ఫోన్ చేస్తేగానీ తెలియలేదు. ఇక రెండో స్క్రీన్ కొనాల్సిందే అనుకున్నాను, చేతిలో ఉన్నది ఐదు వేలు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీకి వెళ్లాను. ఆఫీసుల్లో వాడి తీసేసిన మానిటర్లు అక్కడ దొరుకుతాయి. నేను తీసుకున్నది డెల్ పి2214హెచ్: 21.5 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ, పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారని ఐపీఎస్ ప్యానెల్. 3,200 చెప్పాడు, 2,800కి ఇచ్చాడు, నెల రోజులు షాపు వారంటీ. ఇదే ఎందుకంటే దీని స్టాండు. పైకీ కిందికీ జరుగుతుంది, స్క్రీన్‌ని నిలువుగా కూడా తిప్పుకోవచ్చు. నిలువుగా పెట్టి 2బి ఎక్సెల్ తెరిస్తే ఎన్ని వరుసలు ఒకేసారి కనిపిస్తాయో, మొదటిరోజు చూసి నిజంగా ప్రాణం లేచొచ్చింది.

పాతది కొనేటప్పుడు మీ ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లండి. ఒక తెల్ల బొమ్మ, ఒక నల్ల బొమ్మ ముందే సేవ్ చేసుకుని స్క్రీన్ నిండా పెట్టి చూడండి: తెలుపులో మూలలు పసుపెక్కాయా, నలుపులో ఎక్కడైనా చుక్క వెలుగుతోందా అని. ఒక పావుగంట ఆన్‌లోనే ఉంచమనండి. కొన్ని వేడెక్కాకే మినుకుమినుకుమంటాయి. షాపువాడు విసుక్కున్నా సరే.

నాకు దెబ్బ తగిలింది కేబుల్ దగ్గర. ఈ మానిటర్‌కి హెచ్‌డీఎంఐ పోర్టు లేదు, వీజీఏ, డీవీఐ, డిస్‌ప్లేపోర్ట్ అనే వేరే రకం పోర్టులున్నాయి. నా ల్యాప్‌టాప్‌కి ఉన్నది హెచ్‌డీఎంఐ ఒక్కటే. దారిలో వేరే షాపులో అడిగితే, ఒక చివర డిస్‌ప్లేపోర్ట్, ఇంకో చివర హెచ్‌డీఎంఐ ఉన్న కేబుల్ ఇచ్చి ఎటువైపు పెట్టినా పనిచేస్తుందన్నాడు. ఇంటికొచ్చి తగిలిస్తే నో సిగ్నల్. ఆ మామూలు కేబుల్ డిస్‌ప్లేపోర్ట్ ఉన్న కంప్యూటర్ నుంచి హెచ్‌డీఎంఐ ఉన్న టీవీకో మానిటర్‌కో మాత్రమే బొమ్మ పంపుతుంది, నాలాగా హెచ్‌డీఎంఐ ల్యాప్‌టాప్ నుంచి డిస్‌ప్లేపోర్ట్ మానిటర్‌కి పంపదు. వాపసు తీసుకోలేదు, 350 పోయాయి. చివరికి 250 పెట్టి హెచ్‌డీఎంఐ నుంచి డీవీఐకి వెళ్లే కేబుల్ తెస్తే తగిలించగానే వచ్చేసింది. విండోస్ బటన్, పీ కలిపి నొక్కి ఎక్స్‌టెండ్ పెట్టుకోండి, లేదంటే రెండింటి మీదా ఒకే బొమ్మ వస్తుంది.

టేబుల్‌కి రూపాయి పెట్టకూడదనుకున్నాను. అమ్మ మోటారు మిషన్‌కి మారాక తొక్కుడు మిషన్ ఇనప స్టాండు వరండాలో ఊరికే పడి ఉంది. దాని మీద మూడడుగుల ప్లైవుడ్ చెక్క వేసి, కింద నుంచి నాలుగు చోట్ల బోల్టులు బిగించాం, చెక్కకీ బోల్టులకీ కలిపి 700. ఎత్తు సరిగ్గా ఆఫీసు టేబుల్ అంతే ఉంది. కింద తొక్కే పలకని తాడుతో కట్టేస్తే కాళ్లు పెట్టుకోవడానికి పనికొస్తోంది. ల్యాప్‌టాప్ కింద రెండు ఇటుకలు పెట్టాను, మధ్యలో ఖాళీ ఉండటంతో గాలి ఆడి వేడెక్కడం తగ్గింది. ఇటుక పొడి రాలుతోందని అమ్మ జాకెట్ ముక్కలతో వాటికి తొడుగులు కుట్టింది. ల్యాప్‌టాప్ పైకి లేచిందంటే విడిగా కీబోర్డు, మౌసు ఉండి తీరాలి, ఆ రెండూ 600. మానిటర్ పై అంచు కళ్లకి ఎదురుగా వచ్చేలా దాని స్టాండు సర్దుకున్నాక పదిరోజుల్లోనే మెడ నొప్పి తగ్గింది.

ఇబ్బందులూ ఉన్నాయి. మానిటర్‌లో స్పీకర్లు లేవు. చెక్క అంచు మీద మోచెయ్యి గట్టిగా ఆనిస్తే స్క్రీన్ కొంచెం ఊగుతుంది, అందుకే మానిటర్‌ని మధ్యకి జరిపాను. ఫొటోలు, వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకి, గేములు ఆడేవాళ్లకి నేనైతే దీన్ని చెప్పను.

కరెంటు పోతే ల్యాప్‌టాప్ నడుస్తూనే ఉంటుంది, మానిటర్ ఆరిపోయి ఆ విండోలన్నీ చిన్న స్క్రీన్ మీదకి వచ్చి పడతాయి. మామూలు రోజుల్లో పర్వాలేదు, 20వ తేదీ సాయంత్రం మాత్రం చాలా టెన్షన్. వచ్చే నెల చిన్న యూపీఎస్ ఒకటి తీసుకుంటున్నాను, స్టాండు పక్కన దానికి చోటు కూడా చూసి పెట్టాను.