పిల్లికూనా, కోతిపిల్లా: రక్షణ విషయంలో ఏది మేలు?

మాది గుంటూరు లూథరన్ కుటుంబం, మా ఆవిడ వాళ్ళు ఆర్‌సీఎం, అంటే రోమన్ క్యాథలిక్కులు. చెన్నై పెరంబూరులో కాపురం పెట్టి తొమ్మిదేళ్ళయినా ఆగస్టు 29 దగ్గరపడితే ఇంట్లో ఇదే వాదన: రక్షణ, అంటే మోక్షం, దేవుడు ఊరికే ఇచ్చేదా, మనమూ ఏదైనా చేయాలా? ఆ రోజు బీసెంట్ నగర్ వేళాంగణి మాత గుడిలో పండగ జెండా ఎగరేస్తారు. మా అత్తగారు చెప్పుల్లేకుండా నడిచి వెళ్తారు. "క్రియలవల్ల కాదని పౌలు రాశాడు కదండీ" అంటాను. "యాకోబు పత్రిక మీ బైబిల్లో లేదా బాబూ?" అంటారు, అరికాళ్ళకు కొబ్బరినూనె రాసుకుంటూ.

ఇద్దరికీ బైబిల్లో వాక్యం ఉంది. ఎఫెసీ 2:8 ప్రకారం రక్షణ కృపచేత, విశ్వాసం ద్వారా వచ్చే దేవుని వరం. యాకోబు 2:24 ఏమో విశ్వాసం ఒక్కటే చాలదంటుంది. పైగా రోమా 3:28ని జర్మన్‌లోకి తెస్తూ 1522లో మా శాఖ మూలపురుషుడు లూథర్ "విశ్వాసం" పక్కన "మాత్రమే" అన్న మాట తానే చేర్చాడు. ఆ సంగతి అత్తగారి చెవిన పడకపోవడం నా అదృష్టం.

అయితే ఆర్‌సీఎం వాళ్ళు మంచిపనులతో మోక్షం కొనుక్కుంటారని మావాళ్ళు అనుకునేది తప్పు. కృప లేకుండా సొంత క్రియలతో నీతిమంతులు కావచ్చనే మాటను 1547లో క్యాథలిక్కుల ట్రెంట్ మహాసభే ఖండించింది. తేడా ఆ తర్వాత మొదలవుతుంది. లూథర్ లెక్కలో క్రీస్తు నీతి మన ఖాతాలో పడుతుంది, దేవుడు మనల్ని నీతిమంతులుగా ఎంచుతాడు. ట్రెంట్ లెక్కలో కృప లోపలికి దిగి మనిషిని మారుస్తుంది. దానితో కలిసి నడిస్తే పెరుగుతుంది, ఘోరపాపంతో పోతుంది, పాపసంకీర్తనంతో, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకుంటే, మళ్ళీ దక్కుతుంది.

ట్రిప్లికేన్ వైష్ణవ స్నేహితుడొకడు ఇది విని, "మా తెంగలై, వడగలై గొడవే కదరా" అన్నాడు. అవి వైష్ణవంలో రెండు శాఖలు. తెంగలై వాళ్ళకు భక్తుడు పిల్లికూన, తల్లే నోట కరుచుకుపోతుంది; వడగలై వాళ్ళకు కోతిపిల్ల, తల్లి పొట్టను తానే పట్టుకోవాలి. పోలిక పూర్తిగా అతకదు. ట్రెంట్ చెప్పేదాన్నిబట్టి ఆ పట్టుకునే బలం కూడా తల్లి ఇచ్చిందే.

1999లో ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లు, రోమ్ కలిసి ఈ విషయంలోనే ఒక ఒప్పంద ప్రకటన మీద సంతకాలు కూడా చేశారు. మా డైనింగ్ టేబుల్ దాకా అది ఇంకా రాలేదు.

నా ఓటు పిల్లికూనకే. పక్షవాతంతో మాట పడిపోయి, చెయ్యి కూడా లేవని మా నాన్నను చూశాక, ఆయనకు ఇంకేదో చేయమని ఎవరు చెప్పగలరు? కాకపోతే "రక్షణ పొందాను" అని సాక్ష్యం చెప్పి చేబదులు ఎగ్గొట్టినవాళ్ళు కూడా నాకు తెలుసు. వాళ్ళకు యాకోబే మందు.

ఈసారి తిరుగు ప్రయాణానికి నేనే బండి తీసుకెళ్ళాను. అడయార్ వంతెన మీద గాలికి అత్తగారు నా చొక్కా రెండు చేతులా గట్టిగా పట్టుకున్నారు.