వడ్రంగి చేసే మూడు చక్రాల బండి: తప్పటడుగులకు పనికొస్తుందా?

విజయనగరం, శ్రీకాకుళం వైపు వడ్రంగులు చేసిచ్చే మూడు చక్రాల కర్ర బండి, నడక నేర్చే పిల్లలకు బజారులో దొరికే తేలికపాటి ప్లాస్టిక్ బండ్లకంటే మేలు. బరువుంటుంది, నేలను పట్టుకుని నిలుస్తుంది, విరిగితే బాగుచేయించుకోవచ్చు. కానీ చేసిచ్చింది చేసిచ్చినట్టు పిల్ల చేతికి ఇచ్చెయ్యకండి.

ముందు పిడి సంగతి. బండిని నేల మీద పెట్టి, పిడిని అరచేత్తో గట్టిగా కిందికి నొక్కండి. ముందు చక్రం లేచిందంటే ఆ బండి వద్దు. కూర్చున్న పిల్ల లేవడానికి పట్టుకునేది ఆ పిడినే, ఒంటి బరువంతా దాని మీదే వేస్తుంది. పిడి, వెనక చక్రాల ఇరుసును దాటి పిల్ల వైపు వాలి ఉంటే బండి తిరగబడి మొహం మీదికి వస్తుంది. నిలువు కర్రలు ఇరుసుకు కాస్త ముందుగా దింపమని వడ్రంగికి చెప్పాలి. ఇప్పటికే కొనేసి ఉంటే ముందు చక్రం పైన రెండు కిలోల ఇసుక మూట కదలకుండా కట్టి, మళ్లీ నొక్కి చూడండి. పిడి ఎత్తు 16 నుంచి 18 అంగుళాలు. పిల్ల నిలబడి పట్టుకుంటే మోచేతులు కొద్దిగా వంగాలి. వెనక చక్రాల మధ్య 14 అంగుళాలైనా లేకపోతే మలుపులో పక్కకు ఒరుగుతుంది.

రెండోది పరుగు. గరుకు గచ్చు మీద బుద్ధిగా కదిలే బండి టైల్స్ మీద జారిపోతుంది. పిల్ల ముందుకు వాలుతుంది, బండి ఇంకా ముందుకు పోతుంది, కాళ్లు అందుకోలేక బోర్లా పడుతుంది. పాత సైకిల్ ట్యూబు కోసి చక్రాలకు పట్టీలా తొడిగితే పట్టు వస్తుంది. అప్పటికీ ఆగకపోతే చక్రానికీ చట్రానికీ మధ్య రబ్బరు వాషరు పెట్టి బిగించండి. రెండు పక్కలా ఒకేలా బిగించాలి, లేకపోతే బండి ఒక వైపే లాగుతుంది.

భోగాపురం నుంచి కళింగపట్నం దాకా తీరం ఊళ్లలో ఇనప ఇరుసు ఉప్పు గాలికి తుప్పు పడుతుంది, వానాకాలం చక్రం కర్ర ఉబ్బి బిగుసుకుంటుంది. అప్పుడు కొవ్వొత్తి మైనం రుద్దండి. కొబ్బరి నూనె వేస్తే దుమ్ము పట్టి జిగురవుతుంది.

రంగు లేని బండి దొరికితే అదే తీసుకోండి. పళ్లొచ్చే వయసు కదా, పిడిని కొరకకుండా ఉండరు. ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే ప్రమాదం ఉంది. అంచులకు గరుకు కాగితం పట్టించి, మేకు తలలు పైకి తేలాయేమో వారం వారం తడిమి చూడండి. ప్లాస్టిక్‌దే కావాలనుకుంటే ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి.

మధ్యలో కూర్చోబెట్టే గుండ్రటి వాకరు మాత్రం వద్దే వద్దు. పిల్లలు మునివేళ్ల మీద తోసుకుంటూ క్షణంలో మెట్ల దాకా పోతారు. కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది.

మంచం పట్టుకుని తనంతట తాను లేచి, పక్కకు అడుగులేసే పిల్లకే ఈ బండి ఇవ్వాలి. చాలామందికి అది 9 నుంచి 12 నెలల మధ్య వస్తుంది. వట్టి కాళ్లతో, పూటకు పదిహేను నిమిషాలు చాలు. అరుగు అంచుకూ వీధి గుమ్మానికీ అడ్డుపలక పెట్టి, చేతికందే దూరంలో పెద్దవాళ్లు ఒకరు ఉండాలి. 18 నెలలు నిండినా సొంతంగా నడవకపోతే బండి మార్చడం కాదు, పిల్లల డాక్టరుకు చూపించాలి.