అధ్యాయాల వారీ సాధనా, కలగలుపు ప్రశ్నపత్రాల సాధనా?

ఎప్‌సెట్ ప్రవేశపరీక్ష ఇంజినీరింగ్ విభాగంలో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, వాటిలో గణితానివే 80, భౌతికశాస్త్రానివి 40 ఉంటాయి కాబట్టి, లెక్క చేయడంతో పాటు దాన్ని ఏ దారిలో చేయాలో వెంటనే తట్టడమూ అవసరం. అధ్యాయాల వారీ సాధనలో ఆ రెండో పనిని శీర్షికే చేసిపెడుతుంది: సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరిన బంతి చేరే గరిష్ఠ ఎత్తు అడిగితే, విద్యార్థి ఆలోచించకుండానే చలన సమీకరణం రాసేస్తాడు. అదే లెక్క అన్ని అధ్యాయాలూ కలగలిసిన పాత ప్రశ్నపత్రంలో ద్రవ్యరాశితో సహా ఎదురైతే, శక్తి నిత్యత్వంతో చేసినా ద్రవ్యరాశి కొట్టివేతకు గురై, గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకున్నప్పుడు 20 మీటర్లే వస్తుందని తానే గ్రహించాలి. కొత్త పాఠానికి మొదటి పద్ధతే మేలు. సూత్రాలు పట్టుబడ్డాక మాత్రం, మొదట్లో మార్కులు తగ్గి చిరాకు పుట్టించినా, కలగలుపు పత్రాలకే నా ఓటు.