మాస్క్‌డ్ ఆధార్, బయోమెట్రిక్ లాక్: బెజవాడ కౌంటర్ల దగ్గర ఎంతవరకు చెల్లుతున్నాయి?

ఆధార్‌ను నిర్వహించే ఉడాయ్ సంస్థ మన వివరాల గోప్యత కోసమని మూడు వసతులను ఉచితంగా ఇస్తోంది. మొదటి 8 అంకెలను దాచి చివరి 4 అంకెలను మాత్రమే చూపే మాస్క్‌డ్ ఆధార్ ఒకటి. అసలు నంబరుకు బదులు ఇవ్వదగిన 16 అంకెల వర్చువల్ ఐడీ రెండోది. మన వేలిముద్రలు, కనుపాపలు మనం అనుమతిస్తే తప్ప ఎక్కడా చెల్లకుండా చేసే బయోమెట్రిక్ లాక్ మూడోది. ఇంట్లో పెళ్లి పనుల పుణ్యమా అని వీటిని విజయవాడ లాడ్జీల్లోను, మేనకోడలిని చదువుకు పంపే సందర్భంలో గుంటూరు హాస్టల్లోను, మామూలు అవసరాలకు సిమ్ కార్డుల దుకాణంలోను వాడి చూశాను. సాంకేతికంగా మూడూ బాగానే పనిచేస్తాయి. అయితే కౌంటరు అవతల కూర్చున్న మనిషి ఒప్పుకుంటేనే వాటికి విలువ. అందుకే అయిదు నక్షత్రాలకు మూడు ఇస్తున్నాను. ఆ మూడూ వీటిని కోరి సాధించిన వారికి, కోత పెట్టిన రెండూ వీటిని జనానికి చెప్పకుండా, అందరికీ అమరేలా చేయకుండా ఊరుకున్న వ్యవస్థకు.

ఈ వసతులు ఎవరి దయ వల్లనో వచ్చినవి కావు. 2009లో ఉడాయ్ ఏర్పడి, 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా తెంభ్లీ గ్రామంలో మొదటి ఆధార్ నంబరు ఇచ్చే నాటికి ఈ పథకానికంటూ ఒక చట్టం లేదు. తీసుకొచ్చిన బిల్లును యశ్వంత్ సిన్హా అధ్యక్షతన ఉన్న పార్లమెంటు ఆర్థిక స్థాయీ సంఘం 2011 డిసెంబరులో తోసిపుచ్చింది. అయినా నమోదు ఆగలేదు, 2016 దాకా చట్టమూ రాలేదు. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ వ్యాజ్యంలోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చింది. అదే ఏడాది మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే పరిశోధన సంస్థ వెలువరించిన నివేదిక, నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయని అంచనా వేసింది. ఆ నాలుగింటిలో రెండు మన రాష్ట్రానివే: ఒకటి చంద్రన్న బీమాది, రెండోది ఉపాధి హామీ కూలి చెల్లింపులది. 2018 జనవరి మొదటి వారంలో ట్రిబ్యూన్ పత్రిక, తమ విలేకరి 500 రూపాయలకే ఆధార్ వివరాలు చూడగల లాగిన్ సంపాదించినట్టు రాసింది. బయోమెట్రిక్ వివరాలకు ఏ ముప్పూ లేదని చెప్పిన ఉడాయ్, వారం తిరిగేలోగా జనవరి 10న వర్చువల్ ఐడీని ప్రకటించింది. సుప్రీంకోర్టులో తుది వాదనలు మొదలైంది 17న. ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూసినవారికి వర్చువల్ ఐడీ ఎవరి పోరు వల్ల వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక వాడకం సంగతి. మాస్క్‌డ్ ఆధార్‌ను దింపుకోవడం తేలిక. ఉడాయ్ వెబ్‌సైట్‌లోనో ఎంఆధార్ యాప్‌లోనో నంబరు కొట్టి, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ ఇచ్చి, మాస్క్‌డ్ ప్రతి కావాలన్న గడిలో టిక్కు పెడితే చాలు. ఆ గడిని గమనించకుండా ముందుకు పోయినవారికి మాత్రం పూర్తి నంబరున్న ప్రతే చేతికొస్తుంది. నంబరు దాచిన ప్రతిని అందరికీ ఇచ్చి, పూర్తి నంబరు కావలసినవారి చేత టిక్కు పెట్టించి ఉంటే బాగుండేది. పీడీఎఫ్‌కు వేసిన పాస్‌వర్డు కూడా నామమాత్రమే: పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిషు అక్షరాలు, వాటి పక్కన పుట్టిన సంవత్సరం. రెండూ కార్డు మీద అచ్చయి ఉండేవే. పైగా ఈ ప్రతి దాచేది అంకెలనే గాని పేరు, ఫొటో, పుట్టిన తేదీ, చిరునామా ఎప్పటిలాగే కనపడుతుంటాయి.

ఇంట్లో ప్రింటరు లేనివారికి నెట్ సెంటరే గతి, అసలు గోప్యత గంగలో కలిసేది అక్కడే. మా పేటలోని ఒక సెంటరులో కుర్రాడు నా ఫైలు వెతకడానికి డౌన్‌లోడ్ల ఫోల్డరు తెరిచేసరికి ‘ఈఆధార్’ అని మొదలయ్యే ఫైళ్లు తెర నిండా పరుచుకుని ఉన్నాయి. వచ్చినవాళ్లు ప్రింటు తీసుకుని వెళ్లిపోతారు, ఫైలు మాత్రం అక్కడే ఉండిపోతుంది. నాది చెరిపేయమని అడిగితే ‘నెలాఖరుకి అన్నీ ఒకేసారి తీసేస్తామండి’ అన్నాడు. తరువాత బిల్లు అడిగాను. పక్కనున్న పాడైపోయిన జిరాక్సుల దొంతరలోంచి ఒక కాగితం లాగి, నిలువునా చింపి, ఖాళీ వైపు ‘కలర్ 1, బ్లాక్ 4’ అని రాసిచ్చాడు. తిప్పి చూస్తే ఎవరో పెద్దావిడ ముఖం సగం ఉంది, ఆధార్ నంబరు మాత్రం పూర్తిగా ఉంది. ఆ అబ్బాయికి ఎటువంటి దురుద్దేశమూ లేదు. కాగితం వృథా కాకూడదన్న పొదుపు బుద్ధి తప్ప మరేమీ లేదు.

అసలు పరీక్ష విజయవాడ గాంధీనగర్‌లో ఎదురైంది. పెళ్లికి వచ్చే బంధువుల కోసం ఒక లాడ్జిలో గదులు మాట్లాడి, అందరి మాస్క్‌డ్ ప్రతులను ఒక కవరులో పెట్టి తీసుకెళ్లాను. కౌంటరులోని ఆయన మొదటి కాగితం చూసి పక్కన పెట్టేశాడు.

‘ఇవి చెల్లవు సార్. నంబరు మొత్తం కనపడాలి.’

‘గుర్తింపు కార్డే కదండీ మీకు కావలసింది? ఫొటో ఉంది, పేరుంది, ఊరుంది.’

‘పోలీసులొచ్చి రిజిస్టరు చూస్తారండి. రేపు ఏదన్నా అయితే మా ఓనరు గారు నన్నే అంటారు.’

డ్రైవింగ్ లైసెన్సు ఇస్తానంటే ఆయన ముఖంలో మొదటిసారి అనుమానం కనపడింది. ‘ఆధార్ లేదాండి?’ అని రెండుసార్లు అడిగాడు. ఆధార్ ఉండి కూడా వేరే కార్డు ఇచ్చేవాడు ఏదో దాస్తున్నాడన్న అభిప్రాయం ఎంత లోతుగా పాతుకుపోయిందో ఆ ప్రశ్నలోనే తెలిసిపోయింది. చివరకు ఓనరుకు ఫోన్ చేసి, లైసెన్సులకు సరేనన్నాడు. లైసెన్సు లేని పెద్దవాళ్ల దగ్గర ఓటరు కార్డులు తీసుకున్నాడు. ఈలోగా ఆయన వెనక అరలో రబ్బరు బ్యాండ్లు వేసిన జిరాక్సు కట్టలు, వాటి మీద నెల పేర్లు నాకు కనపడుతూనే ఉన్నాయి. తాళం లేని అర అది. బస చేసేవారెవరో తెలుసుకోవలసిన బాధ్యత లాడ్జి మీద ఉందన్న మాట నేను కాదనను. ఆ గుర్తింపు ఆధారే కావాలని, అందులోనూ 12 అంకెలూ కావాలని ఎక్కడ ఉందో మాత్రం ఆయనా చెప్పలేదు, ఫోన్‌లో ఓనరూ చెప్పలేదు.

ఈ తగవును ఉడాయ్ తీర్చగలిగి ఉండేది. 2022 మే 27న బెంగళూరులోని ఉడాయ్ ప్రాంతీయ కార్యాలయం పేరిట ఒక ప్రకటన వెలువడింది. ఆధార్ జిరాక్సులను ఎవరికి పడితే వారికి ఇవ్వవద్దని, మాస్క్‌డ్ ప్రతి వాడుకోమని, అనుమతి లేని హోటళ్లు, సినిమా హాళ్లు ఆధార్ ప్రతులను తీసుకుని ఉంచుకోకూడదని అందులో స్పష్టంగా ఉంది. రెండు రోజులకే, 29న, జనం దాన్ని అపార్థం చేసుకునే అవకాశం ఉందంటూ కేంద్ర ప్రభుత్వం ఆ ప్రకటనను వెనక్కి తీసుకుని, మామూలు జాగ్రత్తలు పాటిస్తే చాలునంది. ఆ కాగితమే గనక నిలిచి ఉంటే ఒక ప్రతి మడిచి జేబులో పెట్టుకుని కౌంటరు మీద పరిచేవాడిని.

కోర్టు తీర్పు కౌంటరుకు చేరేసరికి ఎంత పలచబడుతుందో సిమ్ కార్డు కొన్నప్పుడు చూశాను. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు 4:1 మెజారిటీతో ఆధార్ చట్టాన్ని నిలబెడుతూనే, ప్రైవేటు సంస్థలు ఆధార్‌ను అడగడానికి దారిచ్చిన 57వ సెక్షనులోని భాగాన్ని కొట్టేసింది. బ్యాంకు ఖాతాకూ సిమ్ కార్డుకూ ఆధార్ తప్పనిసరి కాదంది. పాన్‌తో అనుసంధానాన్ని, సంక్షేమ పథకాలకు ఆధార్ అడగడాన్ని మాత్రం ఉంచింది. ఈ చట్టాన్ని రాజ్యసభ ఆమోదం అక్కర్లేని ద్రవ్య బిల్లుగా ఆమోదింపజేసుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని జస్టిస్ డి.వై. చంద్రచూడ్ విడిగా రాశారు. 2019లో సవరణ వచ్చి, ఖాతాదారు ఇష్టపడితే బ్యాంకులూ టెలికాం సంస్థలూ ఆధార్ వాడుకోవచ్చని తేల్చింది. ఆ ఇష్టం బీసెంట్ రోడ్డులోని దుకాణంలో ఇలా ఉంటుంది: ‘వేలు పెడితే రెండు నిమిషాల్లో అయిపోద్దండి. వేరే కార్డయితే సాయంత్రం రండి, అప్పటికి అవుద్దో లేదో చెప్పలేను.’ ఎండలో నిలబడి ఉన్నవాడు ఏది ఇష్టపడతాడో ఊహించుకోవచ్చు.

గుంటూరులో బ్రాడీపేట హాస్టల్ వార్డెన్ గారు మాత్రం మాస్క్‌డ్ ప్రతిని మారుమాట లేకుండా తీసుకున్నారు. తీసుకుని, చూడకుండానే ఫైలులో పెట్టేశారు. వాటి మీది క్యూఆర్ కోడును స్కాన్ చేసి అసలుదో నకిలీదో చూసినవారు నాకు ఎక్కడా తగల్లేదు. కాగితం ఉందా లేదా అన్నదే లెక్క. గాంధీనగర్‌లో అడ్డొచ్చిందీ, బ్రాడీపేటలో అడ్డు రానిదీ ఒకే అలవాటు. కాబట్టి ఈ ప్రతిని అడక్కుండా ముందే చేతికిచ్చేయడం మేలని నా అనుభవం: ‘ఏ ఆధార్ ఇవ్వాలి?’ అని అడిగితే పూర్తిదే అడుగుతారు.

బయోమెట్రిక్ లాక్ దగ్గరికి వస్తే నాకు ఇది అన్నిటికన్నా ముఖ్యమైన వసతి. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఈ మూడూ ఉంటే ఓటీపీ లేకుండానే మైక్రో ఏటీఎంలో, అంటే బ్యాంకు ప్రతినిధి దగ్గరుండే చేతి యంత్రంలో, డబ్బు తీయవచ్చు. వేలిముద్రను ఎలా సంపాదిస్తారంటారా, భూముల రిజిస్ట్రేషన్ పత్రాల మీద అవి ఎప్పుడూ ఉంటాయి. 2018లో తెలంగాణలో ఒక సిమ్ కార్డుల డీలరు ఆ పత్రాల ప్రతుల్లోంచే ముద్రలు తీసి నకిలీ వేళ్లు తయారుచేసి పట్టుబడ్డాడు. పొలమో స్థలమో అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు మా వైపు లేని ఇల్లు ఉండదు గనుక, లాక్ వేసుకోమని అందరికీ చెబుతున్నాను. నా ఆధార్‌కు వేసుకున్నాను, ఇబ్బంది ఏమీ రాలేదు.

మా పిన్ని మాత్రం వద్దంది. ఆవిడకు వితంతు పింఛను వస్తుంది, తెల్ల కార్డు మీద బియ్యం వస్తాయి. నెల మొదటి తేదీన తెల్లవారుతూనే సచివాలయం ఉద్యోగి గుమ్మంలోకి వచ్చి యంత్రం చాపుతాడు. లాక్ వేసి ఉంటే వేలూ పడదు, కన్నూ పడదు, ముఖమూ పడదు. తాత్కాలికంగా 10 నిమిషాలు తెరుచుకునే వీలుంది, కాని అందుకు ఓటీపీ కావాలి. ఆవిడ ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ నంబరు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కొడుకుది. ‘వాణ్ణి నిద్ర లేపి, వాడు అంకెలు చెప్పి, నువ్వు తాళం తీసేలోపల ఆ అబ్బాయి పక్క వీధికి పోతాడు, నాకొద్దురా ఆ తాళం’ అంది. ఈ మాటకు నా దగ్గర సమాధానం లేదు. ఆధార్‌తో నిమిత్తం లేకుండా బతకగలిగిన నాలాంటివాడికి తాళం అమరింది, నెలనెలా వేలు పెడితే గాని రోజు గడవని మనిషికి అమరలేదు. నేను కోసిన రెండు నక్షత్రాల్లో ఒకటి పూర్తిగా దీనికే.

‘దాచుకోవడానికి నీ దగ్గర ఏముందిరా’ అని పెళ్లిలో ఒక బాబాయి అడిగాడు. దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్‌లో పది వేళ్ల ముద్రలు అడిగిన చట్టాన్ని ధిక్కరించి, 1908 ఆగస్టు 16న జొహానెస్‌బర్గ్ హమీదియా మసీదు దగ్గర రెండు వేలకు పైగా రిజిస్ట్రేషన్ పత్రాలను కాల్చిన భారతీయుల దగ్గర కూడా దాచుకోవడానికి ఏమీ లేదు, ఎక్కువమంది చిన్న వర్తకులు, చిల్లర సరుకులమ్ముకునేవాళ్లు. (వారిని నడిపిన ఆయన పేరు పెట్టుకున్న పేటలోనే మనం గదులు తీసుకున్నామని కూడా బాబాయికి చెప్పాను.) బ్రిటన్‌లో 2006లో గుర్తింపు కార్డుల చట్టం వస్తే ప్రజలు ఏళ్ల తరబడి ఎదిరించారు, 2010లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసి, మరుసటి ఏడాది ఆ రిజిస్టరు ఉన్న హార్డ్‌డిస్కులను నుజ్జు చేయించింది. అప్పటికి ఇచ్చిన కార్డులు సుమారు 15,000 మాత్రమే కాబట్టి అది సాధ్యమయింది. మనకు కోర్టు తీర్పు వచ్చేసరికి నూరు కోట్లకు పైగా నంబర్లు ఇచ్చేశారు, అందుకని రద్దు మాట పోయి అంకెలు దాచుకునే మాట మిగిలింది.

ఈ వసతులతో పాటు ఎవరూ పట్టించుకోనిది ఇంకొకటి ఉంది, దాన్ని మాత్రం మనసారా మెచ్చుకుంటాను. గత 6 నెలల్లో మన ఆధార్‌ను ఎవరు, ఎప్పుడు, ఏ పద్ధతిలో సరిచూశారో ఉడాయ్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. సిమ్ దుకాణంలో పెట్టిన వేలు తేదీతో, వేళతో సహా అందులో కనపడింది. జిరాక్సుల జాడ మాత్రం అందులో ఎక్కడా ఉండదు.

2025 నవంబరులో ఉడాయ్ కొత్త ఆధార్ యాప్ తెచ్చింది. కాగితం ఇవ్వకుండా, అవసరమైన వివరాలను మాత్రమే ఎంచుకుని క్యూఆర్ ద్వారా చూపించే సదుపాయం అందులో ఉంది. గాంధీనగర్‌లో నేను అడిగిన కౌంటర్లలో దాని పేరు విన్నవారు ఎవరూ లేరు. ఒకచోట ‘ఫోన్‌లో ఎందుకండీ, ఎదురుగానే జిరాక్సు షాపుంది కదా’ అన్నారు. అందువల్ల ప్రస్తుతానికి ఆ యాప్‌కు నక్షత్రాలేమీ ఇవ్వకుండా, కవరులో మాస్క్‌డ్ ప్రతులు, పర్సులో డ్రైవింగ్ లైసెన్సు పెట్టుకునే తిరుగుతున్నాను.