రెండెకరాల వరి రైతుకు గేదె మేలా, సంకర ఆవు మేలా?

గోదావరి డెల్టాలో పాడి లెక్క వేసేవాళ్లు ముందు పాల గురించే అడుగుతారు. పూటకి ఎన్ని లీటర్లు, వెన్న ఎంత, పాలకేంద్రంలో ఎంతిస్తారు అని. నేనైతే ముందు గడ్డిమేటు చూసుకోమంటాను.

ఎకరం వరి కోస్తే దాదాపు ధాన్యమంత బరువు గడ్డి వస్తుంది, 2 టన్నుల పైచిలుకు. పెద్ద పశువు రోజుకు 7 కిలోలు తింటే ఏడాదికి రెండున్నర టన్నులు. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) రెండూ పండే రెండెకరాల్లో కాగితం మీద మూడు నాలుగు పశువులకి మేత ఉన్నట్టే. చేలో మాత్రం అంత దక్కదు. కోత మిషను దిగితే సగం గడ్డి చక్రాల కింద నలిగి బురదలో కలుస్తుంది. కట్టలు కట్టే మిషను వచ్చేలోపు వాన పడితే నల్లబడి బూజు పడుతుంది. తుఫాను కబురు వస్తే అందరూ ధాన్యం కోసం పరిగెత్తేవాళ్లే, గడ్డిని ఎవరు చూస్తారు? అందుకే మేటుకి దాళ్వా గడ్డే నయం, ఎండకి గలగలా ఎండుతుంది. సార్వాలో అరెకరమైనా చేత్తో కోయించుకుంటే మంచిది. కూలి ఎక్కువే, కాదనను.

వట్టి వరిగడ్డిలాంటి ముతక మేతని ఆవు కన్నా గేదె బాగా అరిగించుకుంటుంది. ముర్రా గేదె పాలలో వెన్న 7 శాతం దాకా ఉంటే, జెర్సీ సంకరం పాలలో 4 పైన కొంచెం. వెన్న ఒక్కటే లెక్కేస్తే 6 లీటర్ల గేదె పాలు 10 లీటర్ల ఆవు పాలకి సాటి. కానీ గేదె చూడి పది నెలలు. ఎండాకాలంలో ఎదకొచ్చినా అరవదు, అది మూగ ఎద. రెండు ఎదలు కనిపెట్టలేకపోతే ఈతకీ ఈతకీ మధ్య ఏడాదిన్నర దాకా పోతుంది, వట్టిపోయినన్నాళ్లూ మేపుడు ఖర్చు మీదే. దాళ్వా అయ్యాక ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువలు కట్టేస్తారు, చెరువు లేని ఊళ్లో గేదెని రెండు పూటలా కడగడమే పని.

సంకర ఆవు త్వరగా చూడి కడుతుంది, పాలూ ఎక్కువే. కాకపోతే ఎండుగడ్డితో సరిపెట్టుకోదు. తౌడు, నూనెచెక్కతో పాటు పచ్చిమేత కావాలి. పశువుకి 10 సెంట్లన్నా నేపియర్ గడ్డి ఉండాలి, అదీ మెరక మీద. వరి మడిలో వేస్తే నీళ్లు నిలిచి దుబ్బు కుళ్లిపోతుంది. సొంత భూమి ఉంటే దొడ్లోనో గట్టు మీదో నాటుకోవచ్చు. కౌలు రైతు ఏం చేస్తాడు? పొలంలో గడ్డి పెంచితే కౌలు బస్తాలు ఎక్కడి నుంచి కడతాడు? అతనికి ఉన్నది ఎండుగడ్డి, కాలువగట్టు మీద కోసుకొచ్చే మోపు. అతనికి గేదే మేలు, నాకందులో అనుమానం లేదు. నీటి అంచున కోసిన గడ్డితో కార్జపు జలగ (కాలేయంలో చేరే పురుగు) వస్తుంది కాబట్టి పశువుల డాక్టరుని అడిగి మందు తాగించాలి.

ఏది కట్టుకున్నా గడ్డికి యూరియా పట్టించడం తెలిసి ఉండాలి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లలో కరిగించి పొరపొరకీ చల్లి తొక్కాలి. టార్పాలిన్ కప్పి గాలి దూరకుండా 21 రోజులు ఉంచితే 3-4 శాతం ఉన్న మాంసకృత్తులు 7-8కి పెరుగుతాయి. తీశాక ఘాటు వాసన పోయేదాకా ఆరబెట్టి మేపాలి, ఆరు నెలల లోపు దూడలకి పెట్టకూడదు. యూరియా బస్తా ఇంట్లోనే ఉన్నా ఈ పని చేసేవాళ్లు తక్కువే!

మెరక, బోరు రెండూ ఉన్నవాళ్లు ఒక గేదె, ఒక ఆవు కట్టుకోవచ్చు. తెల్లవారుజామున పాలు పితికే మనిషి ఇంట్లో లేకపోతే రెండూ వద్దు, గడ్డి అమ్ముకోండి. రెండు పశువులు కొనేట్టయితే ఒకేసారి ఈనినవి మాత్రం తీసుకోకండి. మొదటిది ఈనిన ఆరేడు నెలలకి ఈనే చూడి పశువుని చూసుకుంటే, ఒకటి వట్టిపోయేసరికి రెండోది పాలిస్తుంటుంది.