మిగిలిన కూరతో పిరష్కీలు: తొమ్మిదేళ్లుగా చేస్తున్నాక

రష్యాలోని కజాన్‌కి చదువుకోవడానికి వచ్చి తొమ్మిదేళ్లయింది. ఇక్కడ నేర్చుకున్న వంటలు చాలానే ఉన్నాయి కానీ, వారం పది రోజులకోసారి తప్పకుండా చేసేవి పిరష్కీలే. ఒకటైతే పిరజోక్ అంటారు, ఎక్కువైతే పిరష్కీ. పులిసిన మైదాపిండిలో కూర పెట్టి మూసి, ఓవెన్‌లో కాల్చుకుంటారు, లేదా నూనెలో వేయించుకుంటారు. అరచేతిలో ఇమిడేంత ఉంటాయి. ఫ్రిజ్‌లో నిన్నటిది ఏదో ఒకటి మిగిలితేనే నేను వీటి జోలికి వెళ్తాను. వీటి కోసమని ప్రత్యేకంగా కూర వండిన రోజులు చాలా తక్కువ. ఇన్నేళ్లు చేశాక నాకు గట్టిగా అనిపించేది ఏమిటంటే, పిరష్కీకి మిగిలిన కూరే సరైన కూర. అప్పుడే వండినది పెడితే అంత బాగా రాదు.

మొదటి ఏడాది ఈ సంగతి తెలియక చాలా పిండి పాడు చేశాను. హాస్టల్‌లో అంతస్తు మొత్తానికీ ఒకటే వంటగది. పొయ్యి ఖాళీగా దొరికిన అరగంటలోనే బంగాళదుంప కూర వండి, పొగలు కక్కుతుండగానే పిండిలో పెట్టి మూసేసేదాన్ని. ఓవెన్ తలుపు తీస్తే అన్నీ నోళ్లు తెరుచుకుని ఉండేవి. కూరలోని నూనె ట్రే అంతా కారి, అడుగులు మాడి అంటుకుపోయేవి. మైదా బాగాలేదేమోనని మార్చాను, ఈస్ట్ మార్చాను, ఓవెన్ వేడి తగ్గించి చూశాను. ఏం చేసినా అంతే.

మూడో ఏడు ఒక పాత ఐదంతస్తుల బిల్డింగ్‌లో, రిటైరైన ఒక పెద్దావిడ ఇంట్లో గది అద్దెకి తీసుకున్నాను. నన్ను 'దోచెన్క' అని పిలిచేవారు. మనం 'తల్లీ' అన్నట్టు. ఆదివారం ఎముకతో సూప్ కాస్తే, సోమవారం ఆ ఎముకకున్న మాంసం ఊడదీసి కీమా మిషన్‌లో తిప్పేవారు. ఎర్రగా వేగిన ఉల్లిపాయ అందులో కలిపి, పళ్లెంలో పల్చగా పరిచి కిటికీ గట్టు మీద పెట్టేవారు. అది పూర్తిగా చల్లబడేదాకా పిండి ముట్టుకునేవారు కాదు. నేను ఒకసారి తొందరపడితే, "వేడి కూర పెడితే పిండి చచ్చిపోతుంది తల్లీ" అన్నారు.

ఆవిడ అన్నది నిజమే. వేడి తగలగానే లోపలి పొర పొంగడం ఆగిపోయి జిగురుగా తయారవుతుంది. ఆవిరి ఎటూ పోలేక అతుకుని చీల్చుకుని బయటికొస్తుంది. అదే కూర రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంటే, ఉన్న తడి దుంపలోకి ఇంకిపోతుంది, బిగుసుకుంటుంది. చెంచాతో తీస్తే ముద్దగా లేస్తుంది, అంచులకి అంటదు. అంచుకి రవ్వంత నూనె తగిలినా అక్కడ పిండి అతుక్కోదు. ఇంకో మాట, ఇవి ఓవెన్‌లో ఉండేది ఇరవై నిమిషాలు. పిండి కాలడానికి మాత్రమే ఆ సమయం సరిపోతుంది కాబట్టి లోపలిది ముందే ఉడికి ఉండాలి. ఇక్కడి తాతార్ జాతివాళ్ల ఎచ్‌పోచ్‌మాక్ వేరు. మూడు మూలలుగా మడిచే ఆ పిండివంటలో పచ్చి మాంసం, పచ్చి దుంప, ఉల్లిపాయ పెడతారు. అందుకే దాన్ని చాలాసేపు కాలుస్తారు, పైన ఉంచిన రంధ్రంలోంచి మధ్యలో సూప్ నీళ్లు పోస్తారు.

మూయడం నాకు వచ్చనుకున్నాను. చిన్నప్పటి నుంచి అమ్మ పక్కన కూర్చుని కజ్జికాయలు చుట్టిన చేతులు నావి. అంచు మీద అంచు మడుస్తూ జడ అల్లినట్టు చేసి చూపిస్తే, ఆవిడ ముచ్చటపడి, ఒకదాన్ని తిప్పి అడుగు చూపించారు. పిరష్కీని అతుకు కిందికి వచ్చేలా ట్రేలో పెట్టాలి. మడతలు వేస్తే అడుగున పిండి రెండింతల మందమై, పైన రంగు వచ్చేసినా అక్కడ పచ్చిగానే ఉంటుంది. ఆవిడ బొటనవేలు, చూపుడువేలు మధ్య అంచుని కాగితంలా పల్చగా నొక్కుకుంటూ వెళ్లేవారు. ఒక్కోదానికి ఏడెనిమిది నొక్కులు, అంతే. తర్వాత బోర్లా తిప్పి, రెండు అరచేతులతో కొంచెం నొక్కి పొడుగ్గా సర్దేవారు. నా చేతికి ఆ అలవాటు రావడానికి ఒక చలికాలం పట్టింది. ఆ తర్వాత అతుకు విడిపోయినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పిండికి నేను వాడేది కెఫీర్ కొలత. కెఫీర్ అంటే పులియబెట్టిన పాలు, పల్చటి పుల్ల పెరుగులా ఉంటుంది. ఇక్కడ చాలా ఇళ్లలో ఇదే చేస్తారు, 'దూదిలాంటి పిండి' అని ముద్దుగా పిలుస్తారు. 250 మిల్లీలీటర్ల గ్లాసుతో ఒక గ్లాసు కెఫీర్, అర గ్లాసు నూనె, పెద్ద చెంచా పంచదార, చిన్న చెంచా ఉప్పు, 11 గ్రాముల పొడి ఈస్ట్ పొట్లం, మూడు గ్లాసుల మైదా. కెఫీర్, నూనె కలిపి గోరువెచ్చగా చేసి, ఉప్పు, పంచదార వేసి, మైదాలో ఈస్ట్ కలుపుకుని కొంచెం కొంచెంగా పోయాలి. ఎక్కువ పిసకక్కర్లేదు. అరగంటలో పొంగుతుంది. పదహారు దాకా వస్తాయి. చేసి ట్రేలో పెట్టాక ఇంకో పావుగంట వదిలేసి, గుడ్డుసొన రాసి, 200 డిగ్రీల్లో కాల్చాలి. తీయగానే టవల్ కప్పితే పైపొర మెత్తబడుతుంది. కెఫీర్ దొరకని చోట పుల్ల పెరుగుని కాసిని నీళ్లతో చిలికి వాడొచ్చు. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు అలాగే చేశాను, బాగానే వచ్చాయి.

పొంగే విషయంలో టెన్షన్ పడేది ఏటా ఒక పదిహేను రోజులే. బయట రోజంతటి సగటు ఉష్ణోగ్రత వరుసగా ఐదు రోజులు 8 డిగ్రీల కంటే తక్కువుంటేనే ఇక్కడ ఇళ్లలోని రేడియేటర్లకి వేడినీళ్లు వదులుతారు. ఆలోపు గది చల్లగా ఉంటుంది, పిండి కదలదు. అప్పుడు వేడినీళ్ల గిన్నె మీద పెట్టుకోవాలి. రేడియేటర్లు వెచ్చబడ్డాక వాటి పక్కన స్టూలు మీద పెడితే చాలు.

ఇక ఏది పెట్టినా కుదురుతుందా అంటే, కుదరదు. నా లెక్కలో అన్నిటికంటే మొదటిది మెదిపిన బంగాళదుంప, అందులో బాగా వేగిన ఉల్లిపాయ. సూప్ మాంసం దాదాపు దానితో సమానం. గ్రేచ్క అని ఇక్కడ అన్నంలా వండుకునే గోధుమరంగు గింజ ఉంది. మిగిలితే గట్టిపడి ఎవరికీ ఎక్కదు. దానికి వేయించిన పుట్టగొడుగులు, ఉడికిన గుడ్డు చేరిస్తే మా ఇంట్లో ముందు అయిపోయేవి అవే. అన్నం, గుడ్డు, ఉల్లికాడలు కూడా ఇక్కడ పాత పద్ధతే. కాకపోతే అన్నాన్ని చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడే వాడేస్తాను, గట్టు మీద ఉండిపోయింది ముట్టను. మిగిలిన కట్లెట్లు చిదిమి ఒక చెంచా వెన్న కలిపితే చాలు.

మన కూరల్లో క్యాబేజీ చక్కగా కుదురుతుంది. వీళ్లకీ క్యాబేజీ పిరష్కీ అంటే ప్రాణం కదా. పోపులో శనగపప్పు మాత్రం వద్దు, మర్నాటికి పంటికింద రాయిలా తగులుతుంది. కరివేపాకు ఏరేయాలి. కోడి వేపుడు పీచులుగా విడదీసి పెడితే అద్భుతం. పప్పు, పులుసు, టమాటా కూరలు పనికిరావు. మూకుట్లో ఎంత ఎగరబెట్టినా తడి దిగుతూనే ఉంటుంది. పాలకూర పప్పుని గట్టిగా చేసి మూడుసార్లు ప్రయత్నించాను, మూడుసార్లూ అడుగు నానిపోయింది.

నూనెలో వేయించడం నేను మానేశాను. అప్పటికప్పుడు తింటే వాటి రుచే వేరు, ఒప్పుకుంటాను. కానీ రెండు గంటలు దాటితే బరువుగా, నూనె నూనెగా అయిపోతాయి. పదహారు చేసుకుని ముగ్గురం రెండు రోజులు తినే మాకు ఓవెనే నయం.

శ్రమ సంగతి దాచను. కూర సిద్ధంగా ఉన్నా, పిండి కలిపినప్పటి నుంచి తినేదాకా గంటన్నర పడుతుంది. డ్యూటీ నుంచి వచ్చి ఆకలి మీద మొదలుపెట్టే పని కాదు. అందుకే కాల్చినవి పూర్తిగా చల్లారాక సగం ఫ్రీజర్‌లో పెట్టేస్తాను. తినేముందు మైక్రోవేవ్‌లో పెడితే పిండి రబ్బరులా సాగుతుంది. నూనె వేయని పెనం మీద, సన్నటి మంటపై మూతపెట్టి, అటు నాలుగు నిమిషాలు ఇటు నాలుగు నిమిషాలు ఉంచితే అడుగు కరకరలాడుతుంది, లోపలి దుంప మళ్లీ వెన్నలా అవుతుంది. పక్కన నిమ్మచెక్క వేసిన నల్ల టీ ఉండాలి. ఇక్కడివాళ్లు స్మెతానా అనే చిక్కటి పుల్లటి మీగడ కూడా పెట్టుకుంటారు. దుంప పిరష్కీకి నేను ఆవకాయ పెట్టుకుంటాను. ఆ పెద్దావిడ మొదటిసారి రుచి చూసి రెండు గ్లాసుల నీళ్లు తాగారు, ఆ తర్వాత సీసా ఎక్కడుందని అడిగారు.