అల్హంబ్రా దాకా వెళ్లి రాజమందిరాల గడప దగ్గర ఆగిపోయిన రోజు

స్పెయిన్‌లోని గ్రనాడాకు వెళ్లి అల్హంబ్రా అనే కొండమీది పాత కోటను, దాని రాజమందిరాలను చూడాలనుకునేవాళ్లు టిక్కెట్టు ఎవరి దగ్గర కొంటున్నారో, అందులో ఏముందో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఇదంతా రాస్తున్నది ఈ మాట చెప్పడానికే. మాకు ఎవరూ చెప్పలేదు. ముగ్గురికి 192 యూరోలు పెట్టాం, అంటే మన లెక్కలో దాదాపు 17,600 రూపాయలు. అంతా పెట్టి, మా నాన్నగారు ఏ గదులు చూడాలని ఏడాదిగా ఎదురుచూశారో ఆ గదుల బయట నిలబడ్డాం.

2024 అక్టోబరు మొదటి వారంలో వెళ్లాం. నేను, నాన్నగారు, మ్యూనిక్‌లో ఉద్యోగం చేసే మా తమ్ముడు. నాన్నగారికి 71 ఏళ్లు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా గోదావరి డెల్టా కాలువల మీద ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యారు. తమ్ముడు టిక్కెట్లు పంపి యూరప్‌లో ఏ ఊరు చూస్తారని అడిగితే పారిస్ అనలేదు, రోమ్ అనలేదు. కొండమీది కోటకు మోటార్లు లేని కాలంలో నీళ్లు ఎక్కించిన ఊరు చూస్తానన్నారు. మాడ్రిడ్, టొలేడో మూడు రోజులు హాయిగా గడిచాయి, చెప్పుకోవాల్సిన ఇబ్బందేమీ లేదు. మాడ్రిడ్ నుంచి గ్రనాడాకు రైలు కూడా సమయానికే చేర్చింది.

టిక్కెట్ల పని నేనే చేశాను కాబట్టి తప్పులో నా వాటా కూడా ఉంది. వెతకగానే పైన కనిపించిన వెబ్‌సైటు అచ్చం ప్రభుత్వానిదే అన్నట్టుంది. పేరులో అల్హంబ్రా ఉంది, సింహాల ప్రాంగణం ఫోటో ఉంది, 'గైడుతో అల్హంబ్రా పూర్తి సందర్శన' అని ఉంది. మనిషికి 64 యూరోలు. ఆ పేజీ అడుగున, వేలుతో నాలుగైదుసార్లు జరిపితే తప్ప కనబడని చోట, నస్రిద్ రాజమందిరాలను, అంటే కోటలోని సుల్తానుల మందిరాలను, 'బయటి నుంచి' చూపిస్తామని ఒక వాక్యం ఉందట. అది నేను చూసింది మోసపోయాక. సింహాల ప్రాంగణం ఉన్నది ఆ మందిరాల లోపలే. లోపలికి తీసుకువెళ్లనివాళ్లు ఆ ఫోటో పెట్టడం మోసం కాకపోతే మరేమిటి?

ఉదయం తొమ్మిదిన్నరకు ప్రవేశద్వారం దగ్గర గైడు కలిసింది. నలభై ఏళ్లుంటాయి, మెడలో లైసెన్సు కార్డు. మా గుంపులో పద్నాలుగు మందిమి. చెవులకు పెట్టుకునే పరికరాలు పంచి, అందరి టిక్కెట్లు చూసి, నడక మొదలుపెట్టకముందే చెప్పేసింది. "మీ టిక్కెట్లు తోటలకు, హెనెరలీఫెకు, అల్కసాబా కోటకు మాత్రమే. నస్రిద్ మందిరాలు ఇందులో లేవు. లోపల తెలిసి బాధపడేకన్నా ఇక్కడే తెలియడం మంచిదని చెబుతున్నాను" అంది. ఒక వృద్ధ దంపతులు ఆమె మీద విరుచుకుపడ్డారు. నేనూ గొంతు పెంచాను. ఆమె ఎదురుచెప్పలేదు. ఈ టిక్కెట్లు కొన్నదీ అమ్మినదీ తాను కాదని, తనను ఆ రోజుకు పిలిచి నడకకు ఇంత అని ఇస్తారని మాత్రం చెప్పింది. తమ్ముడు ఫోనులో అధికారిక వెబ్‌సైటు తెరిచి చూశాడు. మా చేతిలో ఉన్న రకం టిక్కెట్టు అసలు ధర అప్పట్లో 10 యూరోల 61 సెంట్లు. నస్రిద్ మందిరాలతో కలిపి మొత్తం చూపించే టిక్కెట్టయినా 19 యూరోల 9 సెంట్లే. అంటే పది యూరోల చీటీకి పైన యాభై మూడు యూరోలు గైడు పేరు చెప్పి ముక్కుపిండి వసూలు చేశారు. అందులో ఆ గైడుకు ముట్టింది ఎంతో!

నాన్నగారు మాత్రం "పోనీలే అమ్మా" అన్నారు. ఆ మాట అన్నాక గంటసేపు ఇంకో మాట మాట్లాడలేదు. కోప్పడి ఉంటే నాకు ఇంకాస్త తేలికగా ఉండేది.

అయితే ఆ గైడు గురించి న్యాయంగా రాయాలి. అల్కసాబా బురుజు మీద నిలబెట్టి, ఎదుటి కొండ మీద తెల్లటి ఇళ్ల అల్బైసీన్ పేటను చూపిస్తూ చెప్పిన చరిత్ర నాకు ఇప్పటికీ గుర్తుంది. 1238లో మొదటి ముహమ్మద్‌తో మొదలైన నస్రిద్ వంశం రెండున్నర శతాబ్దాలు ఏలింది. 1492 జనవరి 2న చివరి సుల్తాను బోఅబ్దిల్ నగరాన్ని క్రైస్తవ రాజదంపతులు ఇసబెల్లా, ఫెర్నాండోలకు అప్పగించాడు. ఆ మార్చి చివరనే యూదులు దేశం విడిచిపోవాలనే శాసనం ఈ కోట నుంచే వెలువడింది. 1527లో మొదలైన, ఐదవ చార్లెస్ చక్రవర్తి భవనం దగ్గరికి తీసుకువెళ్లి, బయట చతురస్రం, లోపల గుండ్రటి ప్రాంగణం చూపించి, దానికి పైకప్పు పడింది 20వ శతాబ్దంలోనే అని చెప్పింది. ఆ భవనంలోకి వెళ్లడానికి టిక్కెట్టు అక్కర్లేదు. దాని పక్కనే నస్రిద్ మందిరాల వరుస. చేతిలో సమయం వేసిన టిక్కెట్లతో జనం లోపలికి వెళ్తుంటే మేము పక్కన నిలబడి చూశాం. అక్కడే ఆమె, లోపలి సింహాల ఫౌంటెన్ తొట్టి అంచున 14వ శతాబ్దపు మంత్రి, కవి ఇబ్న్ జమ్రక్ పద్యం చెక్కి ఉందని, పారుతున్నది నీరా పాలరాయా అని తేల్చుకోలేకపోతున్నామన్న భావం అందులో ఉందని చెప్పింది. నాన్నగారు చెవి పరికరాన్ని వేలితో నొక్కి పట్టుకుని విన్నారు.

హెనెరలీఫెలో ఆయన మళ్లీ మనిషయ్యారు. సుల్తానుల వేసవి విడిది అది. అక్కడ పొడవాటి ప్రాంగణం మధ్యలో ఉన్న నీటి పాయ అలంకారానికి తవ్విన కొలను కాదు, కోటకు నీళ్లు తెచ్చే రాజకాలువే అటుగా పోతోంది. దార్రో నదిలో దాదాపు ఆరు కిలోమీటర్ల ఎగువన, కోటకన్నా ఎత్తున్న చోట నీటిని మళ్లించి కొండ వాలు వెంబడి తెచ్చారు. వాలు తప్ప మరో బలం లేదు. రెండు పక్కల నుంచి వంగి పడే నీటి చిమ్మెనలు సుల్తానుల కాలం నాటివి కావని, 19వ శతాబ్దంలో పెట్టినవని గైడు చెప్పింది. ఫోటోలన్నింటిలో ఉండేవి అవే. నాన్నగారికి ఆ మాట ఎంతో నచ్చింది. "కాలువ నీళ్లు గోల చెయ్యవమ్మా, నిశ్శబ్దంగా వెళ్తేనే వాలు సరిగ్గా కుదిరినట్టు" అన్నారు. ఎగువన తూము ఎక్కడుంది, ఒండ్రు ఎవరు తీస్తారు, తోటలకు వంతుల వారీగా వదిలేవారా అని వరసగా అడిగారు. గుంపులో ఇద్దరు విసుక్కున్నా ఆమె విసుక్కోలేదు.

ఆ తోట పైభాగంలో నీటి మెట్లున్నాయి. గుంపులన్నీ అక్కడికి పోవు, మీరు అడిగి వెళ్లండి. మెట్లకు రెండు పక్కలా నడుమెత్తు గోడలు, మనం చెయ్యి ఆనించే చోట చెక్క లేదు, ఇనుము లేదు. ఇంటి కప్పు మీద బోర్లించే పెంకులను వెల్లకిలా వరసగా పరిచారు. వాటిలో నీరు గలగలా కిందికి పోతోంది. నాన్నగారు కుడి చెయ్యి అందులో పెట్టి మెట్టు మెట్టు దిగారు. నీళ్లు ఆయన మణికట్టు దగ్గర ఎగిరిపడి, వేళ్ల మధ్య నుంచి తప్పుకుని మళ్లీ దారిలో పడుతున్నాయి. చొక్కా చేతి అంచు తడిసింది, మడుచుకోలేదు. అడుగు మెట్టు మీద నిలబడి, పైకి చూసి, మళ్లీ ఎక్కి మరోసారి దిగారు. మోకాలి నొప్పి మనిషి.

విడిపోయేముందు నేను గొంతు పెంచినందుకు గైడుకు క్షమాపణ చెప్పాను. రద్దయిన టిక్కెట్లు అధికారిక వెబ్‌సైటులో అప్పుడప్పుడు తిరిగి కనిపిస్తాయని, రాత్రి పూట నస్రిద్ మందిరాలకు విడిగా ప్రవేశం ఉంటుందని, ఓపిగ్గా చూస్తూ ఉండమని ఆమే చెప్పింది. 20 యూరోలు చేతిలో పెట్టాం. ఆ రోజు నేను మనస్ఫూర్తిగా పెట్టిన ఖర్చు అదొక్కటే.

బస గురించి ఒక హెచ్చరిక. అల్బైసీన్‌లో గది ముగ్గురికి రాత్రికి 96 యూరోలు. శుభ్రంగా ఉంది, ఇంటావిడ మర్యాదస్తురాలు, కిటికీ తెరిస్తే ఎదురుగా అల్హంబ్రా. కానీ టాక్సీ ఆగిన చోటు నుంచి గులకరాళ్లు పరిచిన నిట్టనిలువు సందులో సూట్‌కేసులు మోసుకుంటూ ఎక్కాలి. చక్రాలు ఆ రాళ్ల మీద దొర్లవు. తమ్ముడు మూడుసార్లు దిగి ఎక్కాడు, మూడోసారికి నాతో మాట్లాడటం మానేశాడు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు కింద ప్లాజా నువేవా దగ్గరో, కతీడ్రల్ చుట్టుపక్కలో దిగండి. అల్బైసీన్‌కు సాయంత్రం చిన్న బస్సులో వెళ్లి, సాన్ నికొలాస్ చర్చి దగ్గర కూర్చుని, కోట ఎర్రబడటం చూసి దిగివస్తే చాలు.

ఇక భోజనం. నాన్నగారు శాకాహారి, ఆ దేశంలో ఎక్కడ చూసినా వేలాడదీసిన పంది తొడలే. గ్రనాడాలో ఏదైనా తాగడానికి చెబితే దాంతోపాటు తినడానికి చిన్న పళ్లెం ఊరికే ఇస్తారు, తపా అంటారు. మోసపోయిన ఆ మధ్యాహ్నం ముగ్గురం మాటల్లేకుండా ఒక చిన్న బారులో కూర్చుని 2 యూరోల 80 సెంట్ల చొప్పున మూడు ద్రాక్షరసాలు చెప్పాం. మాంసం, చేప వద్దని తమ్ముడు తనకొచ్చిన నాలుగు స్పానిష్ ముక్కల్లో చెప్పాడు. వడ్డించే అతను కాసేపు ఆలోచించి వేడి వేడి వంకాయ వేపుడు తెచ్చాడు. పొడుగ్గా తరిగి, పిండిలో పొర్లించి వేయించిన ముక్కల మీద చిక్కటి నల్లటి చెరకు పాకం సన్నటి ధారగా పోశారు. వంకాయ మీద తీపి ఏమిటని నేను ముందు సందేహించాను. కొరికితే పైన కరకర, లోపల వెన్న, నాలుక చివర ఉప్పు, ఆ వెనక మన కొత్త బెల్లం వాసన. నాన్నగారు గిన్నె వంచి అడుగున మిగిలిన పాకాన్ని కూడా రొట్టె ముక్కతో తుడిచి తిన్నారు. "మీ అమ్మ ఉంటే ఎలా చేశారో అడిగి రాసుకునేది" అన్నారు. రెండోసారి అదే కావాలని పళ్లెం డబ్బిచ్చి తెప్పించుకున్నాం, 7 యూరోలు. ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ పూటపూటా అదే తిన్నాం.

మోసపోయిన ఆ రోజే సాయంత్రం నాలుగు దాటాక తమ్ముడు ఒక్కసారిగా "అక్కా, పాస్‌పోర్టులు ఇవ్వు" అని కేకేశాడు. మర్నాడు రాత్రి పది గంటలకు నస్రిద్ మందిరాల ప్రవేశానికి మూడు టిక్కెట్లు కనబడ్డాయి. ఒక్కొక్కటి 10 యూరోల 61 సెంట్లు, ముగ్గురికి 31 యూరోల 83 సెంట్లు. పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు కొట్టాలి, ద్వారం దగ్గర సరిచూస్తారు, అందుకే పాస్‌పోర్టులు దగ్గరే ఉంచుకోండి. ఆ డబ్బు కట్టేటప్పుడు తమ్ముడి చేతులు వణికాయి.

రాత్రి సందర్శనలో లోటుపాట్లు ఉన్నాయి. రాయబారుల మందిరం పైకప్పు ఎనిమిది వేలకు పైగా చెక్క ముక్కలతో కూర్చిన నక్షత్రాల ఆకాశం, ఆ వెలుతురులో సగం చీకట్లోనే ఉండిపోయింది. గోడల మీది సన్నటి పనితనం చూడాలంటే పగలే వెళ్లాలి. కానీ కొమారెస్ ప్రాంగణంలో కొలను నీళ్లు ముడత లేకుండా ఉన్నాయి. బురుజు తలకిందులుగా అందులో నిలబడి ఉంది. జనం తక్కువ, ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు.

సింహాల ప్రాంగణంలో అందరూ పన్నెండు సింహాలను ఫోటోలు తీస్తుంటే నాన్నగారు నేల చూస్తున్నారు. నాలుగు దిక్కుల నుంచి నాలుగు సన్నటి కాలువలు ఫౌంటెన్ దగ్గరికి చేరుతాయి. ఒకదాని వెంట నడుస్తూ 'ఇద్దరు అక్కచెల్లెళ్ల' మందిరంలోకి వెళ్లారు. అక్కడ నేలలోనే చిన్న గుండ్రటి తొట్టి ఉంది. ఆ కాలువ మొదలయ్యేది దాని దగ్గరే. తల ఎత్తితే తేనెపట్టులా వేల గూళ్లు చెక్కిన గుమ్మటం, దించితే ఈ జానెడు కాలువ. "ఇంటి మధ్యలోకి కాలువ తెచ్చుకున్నారమ్మా" అన్నారు, ఎవరో చిన్నపిల్లవాడి భుజం తట్టినట్టు గోడను తట్టబోయి, ముట్టుకోవద్దన్న బోర్డు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

టిక్కెట్లు అమ్మిన సంస్థకు నాలుగు ఉత్తరాలు రాశాను. మూడు వారాల తర్వాత మనిషికి 10 యూరోల తగ్గింపు కూపన్ పంపారు, అది కూడా వాళ్ల దగ్గరే మరో యాత్ర కొనుక్కోవడానికి. నేను వాడలేదు. బ్యాంకు కార్డు ద్వారా డబ్బు వెనక్కి రప్పించడానికి ప్రయత్నిస్తున్నాను. మీరు ముందు అధికారిక వెబ్‌సైటులో నస్రిద్ మందిరాలున్న టిక్కెట్టు కొనండి. దాని మీద వేసిన సమయం దాటితే లోపలికి రానివ్వరు. గైడు కావాలంటే లైసెన్సు ఉన్నవారిని ఆ తర్వాత విడిగా మాట్లాడుకోండి.

పదకొండున్నర దాటాక బయటికి వచ్చాం. టాక్సీ పిలుస్తానని తమ్ముడు అన్నాడు. నాన్నగారు వద్దన్నారు. కోట నుంచి ఊళ్లోకి దిగే చెట్ల దారిలో పక్కన చిన్న కాలువలు పారుతుంటాయి. చీకట్లో అవి కనిపించలేదు, చప్పుడు మాత్రం ఉంది. ఆయన కర్ర ఆనించుకుంటూ, పది అడుగులకోసారి ఆగి వింటూ, కింద ప్లాజా దాకా నడిచే వచ్చారు.